ఇద్దరం ఉన్నాం

ఇంకా ఏం చెప్పమంటారు బావగారూ? జరిగింది జరిగినట్టు చెప్పానుగా మా అమ్మాయికి! మళ్ళీ కొత్తగా చెప్పడానికి ఏముందట? "అమ్మాయికి అసలు సంగతి చెప్పమనండి, ఆ సాయంత్రమే ఇంటికొచ్చేస్తాను" అని మీ చెల్లెలు మీచేత కబురు పంపడమేమిటి, ఆ కబురు పట్టుకుని మూడు వారాలుగా నేను జుట్టు పీక్కోవడమేమిటి!

కూర్చుంటాను లెండి. ఆ అట్టలు కాస్త పక్కకి జరపండి. మీరు పనాపక్కర్లేదు. జిగురు ఆరిపోతే మీకెంత చిరాకో నాకు తెలీదా? మీరు బైండింగు కుట్టుకోండి, నేను నా గోడు చెప్పుకుంటాను.

పైనే ఉందా ఆవిడ? పిలవకండి, పిలవకండి. ముందు మనిద్దరం మాట్లాడుకుందాం. తీసుకెళ్ళడానికే వచ్చాను. బయట ఆటో కూడా ఆపి ఉంచాను, చూడండి కావాలంటే.

అసలు తప్పెవరిదండీ? మీరు నలుగురి పుస్తకాలు చూసే మనిషి, మీరే చెప్పండి. ఆ టూరు కంపెనీది కాదూ? పొద్దున తీసుకెళ్తాం, సాయంత్రం దింపేస్తాం అన్నారు. విమానంలో గంటంపావు, దిగాక బస్సులో ముప్పావు గంట, ఆ పాడుబడ్డ రాతిపట్టణమంతా తిప్పడం, భోజనం, మళ్ళీ విమానం. ముప్పై ఎనిమిది మందిని తీసుకెళ్ళి ముప్పై ఏడుగుర్ని తీసుకొచ్చారు. ఇదీ వాళ్ళ నిర్వాకం! ఇది నా మాట కాదు, అమ్మాయి ఫిర్యాదులో మొదటి వాక్యమే ఇది. దాని రాత మీకు తెలుసుగా, ఇన్సూరెన్సు ఆఫీసులో పదేళ్ళుగా అవతలివాళ్ళ అబద్ధాలు పట్టుకోవడమే దాని ఉద్యోగం.

ఏమిటి నవ్వుతున్నారు? నవ్వలేదా? సరే.

అసలీ పిచ్చి అంటించింది మీరే. అవును, మీరే! ఎవరో పాత పుస్తకం బైండింగుకిచ్చి మళ్ళీ రాలేదని, ఆ రాతిపట్టణం గురించిన పుస్తకం ఆవిడ చేతిలో పెట్టింది ఎవరు? రెండేళ్ళు చదివిందండీ దాన్ని. వంటింట్లో గట్టు మీద పెట్టుకుని, కూరలు తరుగుతూ చదివింది. మ్యాపులో వీధులన్నీ పెన్సిలుతో గీసుకుంది. "ఏవండీ, ఇక్కడ రొట్టెలమ్మే సందుందట" అనేది. "మన సందులో పాలవాడొచ్చాడు, అది చూడు ముందు" అనేవాణ్ణి నేను. ఏదో నవ్వులాటకి.

నేను రిటైరైన రోజున అమ్మాయి రెండు టిక్కెట్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. చూడండి, రిటైరైంది నేను, టిక్కెట్లు నాకు, మరి ఏడ్చిందెవరు? మీ చెల్లెలు! ఆనందంతో అట.

ఆ రోజు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాలంటే ఈవిడ రెండింటికే తయారై కుర్చీలో కూర్చుంది. కొత్త గుడ్డ బూట్లు వేసుకుంది, జీవితంలో మొదటిసారి. విమానంలో కిటికీ సీటు తనదే. నేనేదో అనబోతే "ఉండండి, కింద నది కనిపిస్తోంది" అంది. నన్ను ఉండమంది! ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆ మాట అనడం అదే మొదలు.

పోనీలే, సరదాగా ఉందిగా అనుకున్నాను. నిజం. అప్పటికింకా నాకేం లేదు మనసులో.

దిగాక గైడొచ్చాడు. నా ఈడువాడే, కాస్త బొంగురు గొంతు, చేతిలో మడిచిన గొడుగు. మనిషి మంచివాడేలా ఉన్నాడు. కాకపోతే వాడి లెక్కపెట్టే పద్ధతి చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండింది. బస్సెక్కిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టడట. "కుటుంబానికి ఒకరు చెయ్యెత్తండి, ఎంతమందో వేళ్ళు చూపించండి" అంటాడు. వేళ్ళు కూడుకుంటాడు, అయిపోయింది! మిల్లులో ముప్పై నాలుగేళ్ళు టైమ్‌కీపరుగా చేసినవాణ్ణి, నాలుగొందల మందికి హాజరు వేసినవాణ్ణి, మొహం చూడకుండా ఒక్కడికి వెయ్యలేదే! హాజరంటే మొహం చూసి వెయ్యాలి. ఆ మాటే అమ్మాయితో అన్నాను. అది ఫిర్యాదులో రెండో పేజీలో పెట్టింది.

మా పక్కింటాయన ఏమన్నాడో తెలుసా? "నాలుగొందల మందికి హాజరు వేసిన మొనగాడివి, ఒక్క పెళ్ళానికి వెయ్యలేకపోయావా?" అన్నాడు. వీధిలో నిలబడి అన్నాడు. ఎలా ఉంటుంది చెప్పండి?

సరే, అసలు సంగతికి వస్తాను.

మొదట ఓ పెద్ద గుడి మెట్ల దగ్గర ఆపాడు. రాళ్ళ మధ్య సన్నటి గాడి ఉంది. "ఇది బలులిచ్చినప్పుడు నెత్తురు పారే కాలువ" అన్నాడు గైడు. అందరూ అయ్యబాబోయ్ అంటూ ఫొటోలు తీస్తున్నారు. ఈవిడ మెల్లిగా, "కాదేమోనండీ, అది వాననీటి కాలువ. చివర చిన్న తొట్టి ఉండాలి" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది! అంతమందిలో ఇదేం పని? "నువ్వూరుకో" అన్నాను, చెయ్యి కూడా గిల్లాను. కానీ ఆ గైడు కోపం తెచ్చుకున్నాడా? లేదు. పెద్దగా నవ్వేశాడు. "ఇరవై ఏళ్ళుగా నెత్తురనే చెబుతున్నానమ్మా, జనానికి నెత్తురంటే ఇష్టం. మీరన్నదే నిజం" అని గొడుగుతో ఆ మూల చూపించాడు. తొట్టి ఉందండీ అక్కడ. మట్టితో సగం పూడిపోయి ఉంది.

ఇంక చూడండి! "అమ్మగారూ, ఈ గదేమిటి? అమ్మగారూ, ఈ గుంటెందుకు?" గుంపంతా ఆవిడ చుట్టూ చేరింది. ఆవిడ చెబుతోంది. చేతులు తిప్పుతూ చెబుతోంది. ఇంట్లో నలుగురొస్తే కాఫీ ఇచ్చి లోపలికి పోయే మనిషి! గైడు కూడా గొడుగు చంకలో పెట్టుకుని వింటున్నాడు. నేను? నేను వెనకాల ఆవిడ చేతిసంచీ పట్టుకుని నిలబడ్డాను. ఒకాయన నా దగ్గరికొచ్చి ఏమడిగాడో తెలుసా? "మీరు మేడమ్‌గారి తాలూకానా?" అన్నాడు.

తాలూకా! నేను ఆవిడ తాలూకా!

ఉండబట్టలేక నేనూ ఒక మాటన్నాను. "ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతే తెలీదు గానీ, వేల ఏళ్ళ కిందటి కాలవలు మాత్రం బాగా తెలుసండీ మా ఆవిడకి" అన్నాను. నవ్వారు నలుగురూ. ఆవిడ కూడా నవ్వింది. నవ్వేసి, మళ్ళీ ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి అందుకుంది. అదే నాకు... అలా అంటే ఇంట్లో అయితే ఊరుకునేది బావగారూ. మొహం చిన్నబుచ్చుకుని ఊరుకునేది. ఆ రోజు ఊరుకోలేదు.

రెండోచోట బస్సుకి ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఏడు! అందరూ గడియారాలు చూసుకుంటూ నావైపు చూస్తున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఎర్రసిరాతో గీత పెట్టిన వాణ్ణి నేను, నా మొహం ఎక్కడ పెట్టుకోను? వచ్చి కూర్చున్నాక పళ్ళు బిగపట్టి చెవిలో నాలుగు అంటించాను. వినలేదు. బూట్లలోంచి ఇసక దులుపుకుంటూ, "ఆ గోడ మీద పిల్లలు గీసిన బొమ్మలున్నాయండీ, పుస్తకంలో లేవు" అంది.

చివరగా ఎవరికి వాళ్ళు తిరగండని నలభై నిమిషాలిచ్చాడు. "ఏవండీ, ఇది పట్టుకోండి, ఆ పై మెట్లు ఎక్కొస్తాను" అని సంచీ నా చేతిలో పెట్టింది. డబ్బులూ ఫోనూ అన్నీ అందులోనే. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసుగా, నేను వెళ్ళి బస్సులో కూర్చున్నాను. టైమైంది. గైడు వేళ్ళు చూపించమన్నాడు. అలవాటుగా రెండు వేళ్ళెత్తాను. "ఇద్దరం ఉన్నాం" అన్నాను.

అలవాటండీ! అంతే! ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, ఏ ఆఫీసులో అడిగినా, ఎంతమందీ అంటే ఇద్దరం అని చెప్పేది నేనేగా ఇన్నేళ్ళూ? ఆవిణ్ణి ఎవరడిగారు ఎప్పుడైనా? నోరు దానంతటది అనేసింది. తీరా చూసుకునేసరికి బస్సు కదిలిపోయింది, విమానం లేచిపోయింది, ఏం చెయ్యను? చూసుకోవలసింది వాడా, నేనా? ఇదే చెప్పాను అమ్మాయికి. ఇందులో అబద్ధమేముంది?

ఏమిటి వెతుకుతున్నారు ఆ సొరుగులో? పని మధ్యలో...

ఏమిటిది?

ఈ కాగితం... ఇదెక్కడిది మీకు?

మర్నాడు ఆవిడ విమానాల ఆఫీసుకెళ్ళిందా? తిరిగి రావడానికి సీటు అడగడానికా? వాళ్ళు చూపించారా? నకలు కూడా ఇచ్చారా?

మూడు వారాలుగా మీ సొరుగులో ఉందా ఇది! మరి నేను ఇంతసేపూ వాగుతుంటే దారం ఎక్కించుకుంటూ కూర్చున్నారేం? ముందే చూపించొచ్చుగా!

అవును. నా చేతిరాతే. కాదనను.

"నా భార్య ఇక్కడ బంధువుల ఇంట్లో తన ఇష్టప్రకారం ఉండిపోతున్నది. తిరుగు ప్రయాణానికి రాదు." కింద సంతకం. ఎంత గుండ్రంగా రాశానో చూడండి.

అక్కడ మనకి బంధువులా? ఆ రాళ్ళలో ఎవరుంటారండీ మనకి!

విమానం దగ్గర లెక్కపెట్టారు బావగారూ. వాళ్ళు తలలే లెక్కపెట్టారు. గైడు విమానాశ్రయం బయటే మమ్మల్ని దింపేసి వెళ్ళిపోయాడు. విమానంలో యూనిఫారం వేసుకున్న ఒకావిడ సీట్ల మధ్య నడుచుకుంటూ వచ్చి ముప్పై ఏడు అంది. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ ముప్పై ఏడు. నా పక్క సీటు దగ్గర ఆగింది. "మేడమ్ ఏరీ సార్?"

అప్పుడు చెప్పొచ్చు. చెబితే ఏమయ్యేది? విమానం ఆగేది. బస్సుని వెనక్కి పంపేవాళ్ళు. గంట ఆలస్యమయ్యేది, అంతేగా. కానీ ఆ ముప్పై ఆరుగురూ తలలు తిప్పి చూస్తున్నారండీ. పొద్దుటినించీ ఆవిణ్ణి అమ్మగారూ అన్నవాళ్ళు. "పెళ్ళాం సంచీ ఒళ్ళో పెట్టుకుని ఇద్దరం ఉన్నామని వేళ్ళు చూపించాడా ఈ పెద్దమనిషి?" అనుకోరూ? ఐదు నిమిషాల సిగ్గు. ఆ ఐదు నిమిషాలు తప్పించుకుందామని... "చుట్టాలున్నారు, ఉండిపోయింది" అన్నాను. "అయితే రాసివ్వండి సార్" అంది ఆవిడ, పెన్ను కూడా తనే ఇచ్చింది.

లేచాక ఆ పైలట్ విమానాన్ని రాతిపట్టణం మీద ఒక చుట్టు తిప్పాడు, అందరూ పైనించి చూస్తారని. టూరులో అదీ ఒక భాగమట. చప్పట్లు కొట్టారు. నేను కిటికీ సీట్లోకి జరిగాను. ఆవిడ సీటు. మెట్లు కనిపించాయి, కాలువ కూడా సన్నగా కనిపించింది. మనిషి కనిపించలేదు. అంత ఎత్తునించి ఎలా కనిపిస్తుంది? అయినా వెతికాను. నిజంగా వెతికాను బావగారూ, మీరు నమ్మినా నమ్మకపోయినా.

ఇంటికొచ్చాక కంపెనీకి ఫోన్ చేసి అరిచాను. "మీ గైడు నా భార్యని వదిలేసి వచ్చాడు!" అని. అరిచేకొద్దీ అది నిజమేననిపించింది. చుట్టుపక్కలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అమ్మాయి వచ్చింది. దాని మొహం చూశాక ఇంక వెనక్కి తీసుకోవడమెలా? పాపం ఆ గైడు స్కూటరేసుకుని మళ్ళీ అక్కడికెళ్ళి, గేటు దగ్గర టిక్కెట్లిచ్చే ఆవిడ ఇంట్లో ఈవిడ కూర్చుని ఉంటే చూసి, "క్షేమంగా ఉన్నారు సార్, నన్ను క్షమించండి" అని నాకు ఫోన్ చేశాడు. నన్ను క్షమించమన్నాడు! నేను క్షమించలేదు. తిట్టాను.

తెలుసు. వాణ్ణి పనిలోంచి ఆపేశారని తెలుసు. అమ్మాయి ఉత్తరం దెబ్బకే. ఎందుకు పొడుస్తారు మళ్ళీ?

చెప్పేశానుగా అంతా. ఇంకా ఎందుకలా చూస్తారు? ఆ కళ్ళజోడు పెట్టుకోండి, పని చూసుకోండి.

ఏమంది ఆవిడ? నాకు చెప్పండి. ఏమంది?

"బస్సులో ఏం జరిగిందో ఆయన్నే అడగండి" అందా?

ఇంకేమీ అనలేదా? మూడు వారాలూ?

ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి. పైకి వినిపిస్తుందేమో.

నేను చూశాను బావగారూ.

బస్సు అద్దంలోంచి కనిపిస్తోంది. పై మెట్టు మీద నిలబడి ఉంది. బూట్లు విప్పేసి చేత్తో పట్టుకుంది, జుట్టంతా గాలికి రేగిపోయి ఉంది. బస్సు వైపే చూస్తోంది. నన్నే చూస్తోంది. చెయ్యెత్తి ఊపింది. వస్తున్నాను, ఒక్క నిమిషం అన్నట్టు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదండీ. పెళ్ళిలో కూడా అలా లేదు. నాకు చెందని మొహం అది.

గైడు ఎంతమందీ అన్నాడు. నేను ఆవిడ మీదినించి కళ్ళు తిప్పకుండానే రెండు వేళ్ళెత్తాను.

అలవాటు కాదు.

పరుగెడుతుందనుకున్నాను. బస్సు కదిలితే బూట్లు చేత్తో పట్టుకుని, అంతమంది చూస్తుండగా, ఆగండి ఆగండి అంటూ వెనకాల పరుగెత్తుకొస్తుందని. గేటు దగ్గర ఎలాగూ ఆపుతారు కదా, ఎక్కుతుంది, రొప్పుతూ నా పక్కన కూర్చుంటుంది, నోరు మూసుకుంటుంది. అంతే. అంతకంటే ఏం కోరలేదు నేను. ఒక్కసారి పరుగెడితే చూద్దామనుకున్నాను.

బస్సు గేటు దగ్గర ఆగలేదు. గేటు తెరిచే ఉంది.

ఆవిడ పరుగెత్తలేదు కూడా. ఎత్తిన చెయ్యి దింపేసింది. అక్కడే నిలబడి చూసింది, నా వేళ్ళు కనిపించాయో లేదో నాకు తెలీదు, నా మొహం మాత్రం కనిపించింది. అది నాకు తెలుసు. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

ఇదీ సంగతి. కడుపులో ఉన్నది కక్కేశాను. ఇప్పుడు సరేనా?

ఏమన్నారు?

అమ్మాయికా? ఇదే మాటా? ఇలాగే?

మీకేం, తేలిగ్గా అంటారు. దాన్ని మీరెరగరా? వాళ్ళమ్మ బెదిరిపోయి మీ ఇంట్లో ఉండిపోయిందని చెప్పాను, నమ్మింది. ఈ మూడు వారాలూ ఆఫీసునించి నేరుగా నా దగ్గరికే వస్తోంది. "నువ్వు బాధపడకు నాన్నా, వాళ్ళని వదలను" అని నా వీపు నిమురుతోంది. చిన్నప్పటినించీ దానికి నేనంటే భయమే గానీ, ఇలా దగ్గరికి రావడం ఇప్పుడేనండీ. నా కోసం కంపెనీతో పోట్లాడుతోంది. నా కోసం! ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీ అమ్మ చెయ్యూపితే చూసి కూడా వదిలేసి వచ్చానని చెప్పాలా? చెప్పగానే అది అరవదు, ఏడవదు. అవతలివాళ్ళ కాగితాలు చూస్తుందే, అలా చూస్తుంది నన్ను.

ఎంతసేపు పడుతుంది చెప్పడానికి అంటారా? ఐదు నిమిషాలు. నాకూ తెలుసు ఐదు నిమిషాలేనని.

నిన్న రాత్రంతా నేర్చుకున్నాను ఆ మాటలు. ఆటోలో కూడా వల్లించుకుంటూనే వచ్చాను. మీకు చెప్పగలిగాను, ఎందుకంటే మీరు తిరిగి ఒక్క మాట అనరు. అది అంటుంది.

నా వల్ల కాదు బావగారూ. ఆవిడ ఇక్కడే ఉండనివ్వండి. తోడబుట్టినవాడి ఇల్లేగా, ఆవిడకేం లోటు? పుస్తకాలున్నాయి, చదువుకుంటుంది. నాకంటారా, రెండు మెతుకులు నేనే ఉడకేసుకుంటాను. అలవాటవుతుంది.

అరె, మెట్ల మీద చప్పుడు... ఆవిడేనా దిగుతోంది?

వెనక గుమ్మం ఎటు? ఇటేనా? ఆ ఆటోవాణ్ణి మీరే పంపించెయ్యండి. అడిగితే నేను రాలేదని చెప్పండి.